ఒళ్ళునొప్పుల చీటీలో దిగులు: పీహెచ్‌సీలో డిప్రెషన్‌ని గుర్తించడం, వైద్యం చెయ్యడం

పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) ఓపీకి వచ్చి "నాకు డిప్రెషన్ ఉంది" అని చెప్పేవాళ్ళు అరుదు. ఒళ్ళంతా నొప్పులు, నీరసం, తల బరువు, గుండెదడ, అరికాళ్ళ మంటలు, గ్యాస్, ఆడవాళ్ళయితే తెల్లబట్ట. చీటీ మీద ఉండేవి ఇవే. "బలానికి ఒక సెలైన్ పెట్టండి సార్" అన్న మాట వీటికి తోడు. బయట అరవై మంది లైనులో ఉన్న పొద్దున ఒక డైక్లోఫెనాక్, ఒక బీ కాంప్లెక్స్, ఒక గ్యాస్ బిళ్ళ రాసి పంపేస్తారు. పది రోజులకి అదే మనిషి అదే బాధతో మళ్ళీ వస్తుంది. ఈసారి రక్తపరీక్షలు రాస్తారు, అన్నీ నార్మల్. "నీకేం లేదమ్మా" అంటారు. ఏదో ఉందని ఆమెకి తెలుసు కాబట్టి అక్కణ్ణుంచి ఆర్‌ఎంపీ దగ్గరికో, దర్గాకో, తాయెత్తు కట్టేవాడి దగ్గరికో వెళ్తుంది.

బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో పెద్దవాళ్ళలో ప్రతి 20 మందిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకసారి డిప్రెషన్‌లో పడ్డవాళ్ళే. ఇలాంటి సాధారణ మానసిక సమస్యలున్న వాళ్ళలో దాదాపు 85 శాతం మందికి వైద్యం అందడం లేదు. వాళ్ళు ఎక్కడో దాక్కుని లేరు, చాలామంది మీ ఓపీ లైనులోనే ఉన్నారు.

ఇది పీహెచ్‌సీ డాక్టర్లకి, విలేజ్ క్లినిక్‌లలో, పల్లె, బస్తీ దవాఖానాల్లో పనిచేసే ఎంఎల్‌హెచ్‌పీలకి (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్లకి), స్టాఫ్ నర్సులకి. ప్రశ్నలడిగి స్కోరు వెయ్యడం రెండు రోజుల్లో వచ్చేస్తుంది. రోగి రెండోసారి, మూడోసారి వచ్చేలా చూడటమే కష్టం, వైద్యం నిజంగా జరిగేది ఆ విజిట్లలోనే. అందుకే కింద ప్రతి దశలోనూ మనిషి ఎక్కడ జారిపోతాడో కూడా చెప్పాం.

ఎవరిని అడగాలి

వచ్చిన ప్రతివాళ్ళనీ తొమ్మిది ప్రశ్నలు అడిగే టైం ఎవరికీ లేదు. ఆరు నెలల్లో మూడుసార్లు అవే నొప్పులతో వచ్చి, పరీక్షల్లో ఏమీ తేలని వాళ్ళని తప్పకుండా అడగండి. మందులు రాస్తున్నా షుగరూ బీపీ దిగని వాళ్ళని అడగండి. షుగర్ ఉన్నవాళ్ళలో డిప్రెషన్ మామూలు వాళ్ళకంటే సుమారు రెండింతలు, అది ఉంటే మాత్రలు వేసుకోరు, నడవరు, పథ్యం పట్టించుకోరు. డోసు పెంచేముందు రెండు ప్రశ్నలు అడిగితే ఒక్కోసారి కారణం అక్కడే దొరుకుతుంది. డోసులు తప్పుతున్న టీబీ రోగులు, కాన్పయి ఏడాది లోపున్న తల్లులు, గుండెపోటు వచ్చి కోలుకుంటున్నవాళ్ళు, పిల్లలు ఊరు విడిచి వెళ్ళాక ఒంటరిగా ఉంటున్న ముసలివాళ్ళు, తాగుడున్న మగవాళ్ళు, వాళ్ళ భార్యలు కూడా ఈ లెక్కలోకే వస్తారు. "నిద్రమాత్ర రాయండి" అని నోరు తెరిచి అడిగినవాళ్ళయితే సగం సంగతి వాళ్ళే చెప్పేసినట్టు.

మొదట రెండే ప్రశ్నలు. గత రెండు వారాల్లో దేనిమీదా ఆసక్తి లేకపోవడం, మనసు దిగులుగా ఉండటం. ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు. రెండూ కలిపి 3 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే మిగతా ఏడు కూడా అడగాలి. మొత్తం తొమ్మిదీ కలిపితే పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళి. 2001లో క్రోంకే, స్పిట్జర్, విలియమ్స్ దీన్ని పరీక్షించి ప్రచురించారు. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, మొత్తం 27 మార్కులు.

పక్కన ఎవరూ లేకుండా

అత్తగారు పక్కనే నిలబడి ఉంటే కోడలు "బాగానే ఉన్నానండీ" అంటుంది. భర్త ఉంటే జవాబులన్నీ భర్తే చెప్తాడు. "మీరు బయటికెళ్ళండి" అని మొహాన అంటే అనుమానం మొదలవుతుంది. "బీపీ ఇంకోసారి చూడాలి, ఐదు నిమిషాలు అలా కూర్చోండి" అని చెప్పి రోగిని ఏఎన్‌ఎం గదిలోకి తీసుకెళ్తే సరిపోతుంది. అందరికీ ఇలాగే చేస్తామన్నట్టు మాట తేలిగ్గా ఉండాలి. ఓపీ రద్దీలో వీలు కాకపోతే ఆ రోజే అడగాలని పట్టు పట్టొద్దు. "మధ్యాహ్నం రెండు తర్వాత రా అమ్మా, ఖాళీగా మాట్లాడుకుందాం" అని చెప్పి పంపండి. దూరం ఊరి మనిషైతే ఆ ఊరి ఎంఎల్‌హెచ్‌పీకి ఫోను చేసి అప్పజెప్పండి.

తొమ్మిది ప్రశ్నలు, మన నోటి తెలుగులో

ప్రశ్నావళిలో అచ్చువేసిన తెలుగు తరచు గ్రాంథికంగా ఉంటుంది. "నిరాశ, నిస్పృహ, నిస్సహాయత" అని చదివితే ఎదుటి మనిషి మొహం చూసి "లేదండీ" అనేస్తుంది. స్కోరు 4 వస్తుంది, ఫైలు మూసేస్తారు. అర్థం మారకుండా ఆ ఊరి మాటలో అడగాలి. కోస్తాలో దిగులు, బెంగ అంటే అందుతుంది. తెలంగాణలో "ఏమన్న రంది ఉందా?", "మనాది పెట్టుకున్నవా?" అంటే వెంటనే కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి.

ఆసక్తి గురించి అడిగేటప్పుడు "ఆసక్తి" అన్న మాటే వాడకండి. ఆ మనిషికి ఏది ఇష్టమో దాని పేరు పెట్టండి. "సీరియల్ పెట్టుకున్నా మనసు అందులో ఉంటోందా?" "పేరంటానికి పిలిస్తే పోబుద్ధి అవుతోందా?" "మనవడు దగ్గరికొస్తే ఇదివరకటిలా ఎత్తుకుంటున్నావా పెద్దమ్మా?" మగవాళ్ళని అరుగు మీద కబుర్లు, పేకాట, పొలం గట్టు మీదికి వెళ్ళి రావడం గురించి అడగొచ్చు.

నిద్ర ప్రశ్నలో మూడు ముక్కలున్నాయి. పట్టకపోవడం, మధ్యలో మెలకువొచ్చి మళ్ళీ పట్టకపోవడం, ఎంతసేపూ పడుకునే ఉండాలనిపించడం. తెల్లారుజామున మూడింటికి లేచి పైకప్పు చూస్తూ పడుకునే మనిషి "నిద్ర బాగానే పడుతుంది" అని నిజాయితీగానే చెప్తాడు, ఎందుకంటే తొమ్మిదింటికి పడుకోగానే పట్టేస్తుంది. షుగర్ ఉన్నవాళ్ళు రాత్రి మూడుసార్లు ఒంటేలుకి లేస్తారు. వాళ్ళని "పోసొచ్చాక మళ్ళీ నిద్ర పడుతోందా, లేక ఆలోచనలు పట్టుకుంటున్నాయా?" అని అడిగి మార్కు వెయ్యండి.

తరవాత నీరసం. ఆ తరవాత తిండి: "అన్నం సయిస్తోందా, బలవంతాన నాలుగు ముద్దలు మింగుతున్నావా?" ఆరోది తనమీద తనకే చులకన: "నావల్ల ఇంట్లో అందరికీ భారం అనిపిస్తోందా?" ఏడోది ధ్యాస. పేపరు చదవని వాళ్ళకి పొయ్యిమీద పాలు పొంగిపోవడం, దుకాణానికెళ్ళి ఏం కొనాలో మర్చిపోవడం లాంటివి అడగండి. ఎనిమిదోది ఇంట్లోవాళ్ళు గమనించేంతగా కదలిక మందగించడం, లేదా నిలకడ లేక అటూ ఇటూ తిరగడం. తొమ్మిదోది చావు ఆలోచన, దాని సంగతి విడిగా చెప్తాం.

మార్కులు వెయ్యడంలో జరిగే పెద్ద పొరపాటు "అప్పుడప్పుడు" అన్న మాటకి 1 వేసెయ్యడం. "అప్పుడప్పుడు" అంటే ఒకరికి నెలకోసారి, ఇంకొకరికి రోజుకి నాలుగుసార్లు. రోజులు లెక్క అడగండి. పద్నాలుగు రోజుల్లో 0-1 రోజు ఉంటే 0, 2 నుంచి 6 రోజులైతే 1, 7 నుంచి 11 అయితే 2, 12 నుంచి 14 అయితే 3. రెండు వారాల లెక్క అందని వాళ్ళకి వారపు సంత గుర్తు చెయ్యండి: "రెండు సంతల కిందటి నుంచి ఇవాల్టి దాకా."

ఉదాహరణకి 45 ఏళ్ళ ఆవిడ, ఒళ్ళునొప్పులు, షుగర్. సీరియల్ చూడటం మానేసింది, వారంపైగా: 2. దిగులు, వారంపైగా: 2. నిద్ర, రోజూ మూడింటికే మెలకువ: 3. నీరసం రోజూ: 3. తిండి నాలుగైదు రోజులు సయించలేదు: 1. భారం అన్న ఆలోచన పది రోజులు: 2. ధ్యాస లేకపోవడం నాలుగు రోజులు: 1. కదలిక 0, చావు ఆలోచన 0. మొత్తం 14.

5 నుంచి 9 వస్తే తక్కువ స్థాయి, 10-14 మధ్యస్థం, 15-19 కాస్త తీవ్రం, 20 గానీ ఆ పైన గానీ వస్తే తీవ్రం. 10 రాగానే జబ్బని తేల్చెయ్యకండి, కింద చెప్పినవన్నీ చూశాకే. పనుల మాటేమిటో కూడా అడగాలి. వంట, కూలి, బడికి పంపడం ఎంత దెబ్బతిన్నాయి? స్కోరు 12 వచ్చి పనులన్నీ చక్కబెట్టుకుంటున్న మనిషి కంటే, 11 వచ్చి మంచం దిగని మనిషి విషయంలో తొందరపడాలి.

తొమ్మిదో ప్రశ్న

అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది ఇక్కడ దాటేస్తారు. అలా జరగదు. ఆలోచన ఉన్నవాళ్ళకి ఎవరో ఒకరు అడగడమే పెద్ద ఊరట. మెట్లు మెట్లుగా దిగండి. "ఇంత బాధలో ఉన్నప్పుడు బతుకు విసుగనిపించడం మామూలే. నీకెప్పుడైనా అలా అనిపించిందా?" అవునంటే: "చచ్చిపోతే బాగుండు అనిపించిందా?" అవునంటే: "ఏదైనా చేసుకుందామని అనుకున్నావా? ఎలాగో ఆలోచించావా? అది ఇంట్లో అందుబాటులో ఉందా? ముందెప్పుడైనా ప్రయత్నించావా?" చివరికి "మరి ఏది ఆపింది?" అని అడగడం మర్చిపోవద్దు. పిల్లలు, అమ్మ, దేవుడు, ఏం చెప్పినా సరే, రేపటి మాటల్లో అది పనికొస్తుంది.

పథకం ఉండి, సాధనం దగ్గరుంటే, లేదా ముందోసారి ప్రయత్నించి ఉంటే ఆ మనిషిని ఒంటరిగా పంపకూడదు. ఇంట్లోవాళ్ళని పిలిపించాలి, జిల్లా ఆసుపత్రి మానసిక విభాగానికో, దగ్గరుంటే ఎర్రగడ్డకో, విశాఖ మానసిక ఆసుపత్రికో తోడిచ్చి పంపాలి. ఎర్రగడ్డ పేరు మన దగ్గర తిట్టయి కూర్చుంది కాబట్టి, "అక్కడ పెద్ద డాక్టర్లుంటారు, రెండు రోజులు చూసి పంపుతారు" అని ముందే నాలుగు మాటలు చెప్పండి. లేకపోతే బస్సు దారిలోనే దిగిపోతారు.

ఆలోచన ఉంది కానీ పథకం లేదు అనుకుంటే, ఓపీ చీటీ వెనకే జాగ్రత్త పథకం రాయండి. ఆలోచన ముదిరేటప్పుడు ముందుగా ఏమవుతుంది, అప్పుడు ఏం చేస్తే కాస్త తగ్గుతుంది, ఎవరి దగ్గరికెళ్తుంది (పేరు, ఫోను నంబరు), టెలి మానస్ నంబరు 14416. ఇది 2022 అక్టోబరు నుంచి నడుస్తున్న ఉచిత లైను, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు. పురుగుల మందు, గడ్డిమందు డబ్బాలు ఆ రోజే ఇంట్లోంచి వెళ్ళిపోవాలి. "జాగ్రత్తగా దాచండి" అంటే అటక మీద పెడతారు, ఎక్కడుందో అందరికీ తెలుసు. పాలివాళ్ళింట్లోనో, పొలంలో తాళమేసిన షెడ్డులోనో పెట్టి తాళం వేరొకరి దగ్గర ఉంచమని చెప్పండి, వెళ్ళి చూసొచ్చే పని ఆశా కార్యకర్తకి అప్పగించండి. గడ్డిమందులో ఉండే పారాక్వాట్‌కి విరుగుడు లేదు కాబట్టి ఈ ఒక్క పని వాయిదా వెయ్యడానికి లేదు. ఇంట్లో పాత మాత్రలేమైనా పోగుపడి ఉంటే అవీ తెప్పించండి.

పోలీసు కేసవుతుందని ఇంట్లోవాళ్ళు పాత ప్రయత్నాన్ని దాచేస్తుంటారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. అది చెప్తే నోరు విప్పుతారు.

మందు రాసేముందు

హిమోగ్లోబిన్, షుగర్, వీలైతే టీఎస్‌హెచ్. తెలంగాణలో డయాగ్నస్టిక్స్ హబ్‌కి శాంపిల్ పంపితే థైరాయిడ్ పరీక్ష ఉచితమే. 8 గ్రాముల హిమోగ్లోబిన్ ఉన్న మనిషి నీరసానికి ముందు ఐరన్ ఇవ్వాలి, దిగులు అడగడం మాత్రం ఆపొద్దు, రెండూ కలిసి ఉండొచ్చు. తిమ్మిర్లు, మతిమరుపు ఉన్న శాకాహారుల్లో బీ12 గుర్తు పెట్టుకోండి. వాడుతున్న మందులు చూడండి. స్టెరాయిడ్లు, మొండి టీబీకి ఇచ్చే సైక్లోసెరిన్ మనసు మీద పనిచేస్తాయి. మొండి టీబీకి లైన్‌జోలిడ్ వాడుతున్నవాళ్ళకి డిప్రెషన్ మందు పీహెచ్‌సీలో మొదలుపెట్టకండి, రెండూ కలిస్తే సెరోటోనిన్ ఎక్కువై ప్రాణం మీదికొస్తుంది. తాగుడు ఎంతో అడగండి, "అప్పుడప్పుడు" అంటే మళ్ళీ రోజుల లెక్కే.

తప్పిపోతే నష్టం చేసే ప్రశ్న ఒకటుంది: "ఎప్పుడైనా వారం రోజుల పాటు నిద్ర లేకపోయినా అలసట లేకుండా, మాటలెక్కువై, డబ్బు విచ్చలవిడిగా ఖర్చుపెట్టి, ఇంట్లోవాళ్ళు కంగారుపడేలా ఉన్నావా?" అవునంటే అది బైపోలార్ కావచ్చు. వాళ్ళకి డిప్రెషన్ మందు ఒక్కటే ఇస్తే ఉన్మాదం వైపు తిరగొచ్చు. సైకియాట్రిస్ట్‌కి పంపండి. చెవిలో మాటలు వినిపించేవాళ్ళు, తిండీ మాటా ఆగిపోయినవాళ్ళు, పద్దెనిమిదేళ్ళలోపు పిల్లలు, గర్భిణులు కూడా పై ఆసుపత్రికే. ఇంట్లో మనిషి పోయి నెలా రెండు నెలలే అయితే అది దుఃఖం, దానికి మాత్ర రాయకండి. చావు ఆలోచన ఉంటేనో, అసలు లేవలేని స్థితిలో ఉంటేనో అది వేరే లెక్క. కొట్టే భర్త ఉన్న ఇంట్లో మందొక్కటే ఏం చేస్తుంది? మహిళల హెల్ప్‌లైన్ 181 నంబరు, బాధిత మహిళలకి సాయం చేసే సఖి కేంద్రం సంగతి చెప్పండి, ఆ కాగితం మాత్రం ఇంటికి పంపొద్దు.

జబ్బు పేరు చెప్పేటప్పుడు

"మానసిక రోగం" అని మొదలుపెడితే తలుపు మూసుకుంటుంది. "నరాల బలహీనత, శక్తి మాత్రలు ఇస్తున్నా" అని అబద్ధమాడితే ఇంకా చెడ్డది. మెడికల్ షాపులో కుర్రాడు చీటీ చూసి "ఇది పిచ్చిమందు" అంటాడు, ఆ రోజుతో ఆగిపోతుంది. ఇలా చెప్పి చూడండి: "నొప్పులు నిజమే, నాటకం కాదు. మనసుకి దిగులు పట్టి ఎక్కువకాలం ఉంటే నిద్ర, ఆకలి, బలం అన్నీ తగ్గుతాయి, ఒళ్ళు కూడా నొప్పెడుతుంది. దీన్ని డిప్రెషన్ అంటారు. ఇది పిచ్చి కాదు, నయమయ్యేదే." చీటీ ఇంటిల్లిపాదీ చదువుతారు కాబట్టి దాని మీద రోగి వద్దంటే జబ్బు పేరు రాయకండి, ఐసీడీ-10 (జబ్బుల అంతర్జాతీయ జాబితా) కోడ్ ఎఫ్32 చాలు. గోప్యత రోగి హక్కని పైన చెప్పిన 2017 చట్టం 23వ సెక్షనే చెప్తోంది.

మందు: ఏది, ఎంత, ఎప్పుడు

స్కోరు 10 లోపుంటే మందు అక్కర్లేదు. 10-14కి మాటల వైద్యం మొదట, ఫలితం లేకపోతేనో రోగి కోరితేనో మందు. 15 గానీ ఆ పైన గానీ వస్తే రెండూ కలిపి. మందు మొదలుపెట్టేది డాక్టరే. కొనసాగింపు చూడటం, ఎలా ఉందో అడగడం ఎంఎల్‌హెచ్‌పీ పని.

ఫ్లూఓక్సెటిన్ మొదటి వారం 10 మి.గ్రా., తరవాత 20 మి.గ్రా. పొద్దున టిఫిన్ అయ్యాక. రాత్రి ఇస్తే నిద్ర చెడుతుంది. ఆదుర్దా ఎక్కువ ఉన్నవాళ్ళకి ఎస్‌సిటాలోప్రామ్ 5 మి.గ్రా.తో మొదలెట్టి వారానికి 10 చెయ్యొచ్చు, ముసలివాళ్ళలో 10 దాటొద్దు. గుండెజబ్బున్నవాళ్ళకి, పాలిచ్చే తల్లులకి సెర్‌ట్రాలిన్ మెరుగు, 25 నుంచి 50 మి.గ్రా. పాలిచ్చేవాళ్ళకి ఒంట్లో ఎక్కువకాలం నిలిచే ఫ్లూఓక్సెటిన్ మొదటి ఎంపిక కాదు. అమిట్రిప్టిలిన్ చవకే కానీ ఎక్కువ మింగితే గుండె ఆగుతుంది. గుండెజబ్బు, ప్రోస్టేట్, గ్లకోమా ఉంటే వద్దు, చావు ఆలోచన ఉన్న ఇంట్లో అసలు వద్దు. కాళ్ళ మంటలకి రాసే 10 మి.గ్రా. అమిట్రిప్టిలిన్‌ని డిప్రెషన్ వైద్యంగా లెక్కేసుకునే పొరపాటు తరచు కనిపిస్తుంది. ఆ డోసు దిగులుకి చాలదు.

ఫ్లూఓక్సెటిన్, ఎస్‌సిటాలోప్రామ్, సెర్‌ట్రాలిన్‌తో డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ కలిస్తే కడుపులో రక్తస్రావం అయ్యే ముప్పు పెరుగుతుంది. నొప్పికి పారాసెటమాల్ ఇవ్వండి. ట్రమడాల్ కలపకండి. హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్‌థాలిడోన్ ఉన్న బీపీ మాత్ర వాడుతున్న ముసలివాళ్ళలో మొదటి నెలలో సోడియం పడిపోవచ్చు. "తాత కొత్త మాత్రలు మొదలుపెట్టాక తికమకగా మాట్లాడుతున్నాడు, తూలుతున్నాడు" అని ఫోనొస్తే ఆ రోజే సోడియం చూడాలి.

ఆల్ప్రజోలామ్ ఆ రాత్రికే నిద్రపుచ్చుతుంది కాబట్టి రోగికి అదే మంచి మందనిపిస్తుంది, అదే అడుగుతారు. నెలకి అలవాటవుతుంది, ముసలివాళ్ళని కింద పడేస్తుంది, దిగులు మాత్రం ఎక్కడిదక్కడే. ఇక తప్పదనుకుంటే రెండు వారాలకి మించనివ్వకండి.

మందు చేతికిచ్చేటప్పుడు ఈ మాటలు విడివిడిగా చెప్పి, మళ్ళీ రోగి చేత చెప్పించండి. రోజూ వేసుకోవాలి, బాధున్న రోజు మాత్రమే కాదు. మొదటి వారం వికారం, తలనొప్పి, కాస్త కంగారు ఉండొచ్చు, తగ్గిపోతాయి. మనసు తేలికపడటానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. బాగైందని మానొద్దు. అలవాటుపడే మందు కాదు. మగవాళ్ళకి కోరిక తగ్గడం, స్ఖలనం ఆలస్యం కావడం గురించి మీరే ముందు చెప్పండి, వాళ్ళు చెప్పరు, చెప్పకుండా మానేస్తారు.

చావు ఆలోచన ఉన్నవాళ్ళకి వారం మాత్రలే, అవీ ఇంట్లో మరొకరి చేతికి. మందు మొదలెట్టిన తొలి వారాల్లో, ముఖ్యంగా 25 లోపు వయసువాళ్ళలో, కంగారూ ఆ ఆలోచనా పెరగొచ్చు. అందుకని వాళ్ళని వారానికే పిలవండి.

మాటల వైద్యానికి డిగ్రీ అక్కర్లేదు

గోవా పీహెచ్‌సీల్లో మానసిక వైద్యంలో చదువు లేని స్థానిక కౌన్సిలర్లు 30-40 నిమిషాల చొప్పున 6 నుంచి 8 సార్లు కూర్చుని మాట్లాడితే, తీవ్రమైన డిప్రెషన్‌లో కూడా మామూలు వైద్యం కంటే ఎక్కువమంది కోలుకున్నారు. 2017లో ఆ ఫలితాలు వచ్చాయి. వాళ్ళు వాడిన పద్ధతి చాలా చిన్నది: మనసు బాగయ్యాక పని చేద్దామని ఆగకుండా, చిన్న పని మొదలుపెట్టించి మనసుని దాని వెనక నడిపించడం.

"వాకింగ్ చెయ్యి, ధ్యానం చెయ్యి" అన్న సలహాతో ఏమీ కదలదు. మానేసిన పని ఒకదాన్ని ఆమె చేతే ఎంచుకోనివ్వండి, రోజు, టైము, ఎంతసేపు అన్నీ ఖాయం చెయ్యండి. ముందు కోడలికి వదిలేసిన పాలకేంద్రానికి మంగళ, గురు, శనివారాలు తనే వెళ్ళి పాలు పోసి రావడం. లేదా పొద్దున ఏడింటికి వాకిలి ఊడ్చి ముగ్గేయడం, పది నిమిషాలు, ముగ్గు చిన్నదైనా సరే. చీటీ మీద ఏడు గడులు గీసి ఇవ్వండి, చేసిన రోజు టిక్కు పెట్టమనండి. వచ్చేవారం మూడు టిక్కులే ఉంటే "నాలుగెందుకు లేవు" అనకండి. ఆ మూడు రోజులు చేశాక ఎలా ఉందో అడగండి. ఒక్క టిక్కూ లేకపోతే పని పెద్దదైందని అర్థం, సగం చెయ్యండి. ఇంట్లోవాళ్ళకి ఒక మాట విడిగా: "ధైర్యంగా ఉండు, అన్నీ ఉన్నాయిగా నీకేం తక్కువ" అనొద్దని. ఆ మాట ఆమెకి తప్పు చేసినట్టు అనిపించేలా చేస్తుంది.

రెండో విజిట్

మనుషులు జారిపోయేది మూడు చోట్ల. నాలుగైదు రోజులకి వికారం వచ్చి, పదిహేను రోజులకి ఇంకా గుణం కనపడక, రెండు నెలలకి బాగైపోయి. ఈ మూడింటికీ ముందే మనుషుల్ని పెట్టుకోవాలి. ఐదో రోజున ఆశానో ఎంఎల్‌హెచ్‌పీనో ఫోను చేసి రెండే అడగాలి: మాత్ర వేసుకుంటున్నావా, కడుపులో ఎలా ఉంది. పద్నాలుగో రోజుకి విజిట్, తేదీ మాత్రల కవరు మీద పెద్దక్షరాల్లో. షుగర్, బీపీ రోగి అయితే ఎన్‌సీడీ (షుగర్, బీపీ లాంటి అంటని జబ్బుల) క్లినిక్ రోజే రమ్మనండి, రెండు ప్రయాణాలు పెట్టొద్దు. కూలి పోతుందంటే రారు. పశ్చిమ గోదావరి పల్లెల్లో స్మార్ట్ మెంటల్ హెల్త్ ప్రాజెక్టులో ఆశాలే ట్యాబ్ మీద ప్రశ్నలడిగి, స్కోరు ఎక్కువున్నవాళ్ళని పీహెచ్‌సీకి పంపి, తరవాత ఇళ్ళకెళ్ళి వాకబు చేశారు. మీ ఊళ్ళో ట్యాబ్ లేకపోయినా ఒక రిజిస్టరు పెట్టొచ్చు: తేదీ, కోడు నంబరు, స్కోరు, మందు, తరవాతి తేదీ, వచ్చిందా లేదా. ఆఖరి గడి ఖాళీగా ఉంటే రెండు రోజుల్లో ఫోను వెళ్ళాలి.

నాలుగు వారాలకి తొమ్మిది ప్రశ్నలూ మళ్ళీ. 5 మార్కులు తగ్గితే దారిలో ఉన్నట్టు, సగానికి పడితే మందు పనిచేస్తున్నట్టు, 5 లోపుకి వస్తే కోలుకున్నట్టు. పై ఉదాహరణలో ఆవిడ 14 నుంచి 9కి వస్తే డోసు మార్చకుండా ఇంకో రెండు నెలవారీ విజిట్లు చూడొచ్చు. 13 దగ్గరే ఉంటే ముందు కవరు తెప్పించి మిగిలిన మాత్రలు లెక్కపెట్టండి. సగం సందర్భాల్లో జవాబు ఆ కవర్లోనే ఉంటుంది. వేసుకున్నా తగ్గకపోతే తాగుడు, థైరాయిడ్, బైపోలార్ ప్రశ్న మళ్ళీ చూసి, ఆరు వారాలకి ఫ్లూఓక్సెటిన్ 40 మి.గ్రా. చెయ్యండి. దానికీ కదలకపోతే సైకియాట్రిస్ట్‌కి.

బాగయ్యాక కనీసం 9 నెలలు అదే డోసు. ఆపేటప్పుడు ఎస్‌సిటాలోప్రామ్, సెర్‌ట్రాలిన్‌ని నాలుగు వారాలకి తక్కువ కాకుండా తగ్గించండి. ఒక్కసారి ఆపితే తలతిరుగుడు, తలలో కరెంటు కొట్టినట్టు ఉండటం, చిరాకు రెండు మూడు రోజుల్లో మొదలవుతాయి. జబ్బు తిరగబెట్టడానికి వారాలు పడుతుంది, ఆ తేడా చెప్పి ఉంచకపోతే రోగి భయపడి పాత మాత్రలు మింగేస్తుంది. మందు ఆపే రోజున చీటీ మీద ఒక్క వాక్యం రాసి ఇవ్వండి, ఆమె విషయంలో మొట్టమొదట వచ్చిన గుర్తు ఏదో: "తెల్లారుజామున మూడింటికి మెలకువ, వరసగా వారం ఉంటే రావాలి." కింద మీ ఓపీ రోజులు.